ముప్పై ఒక్కమందికి ఒకే తమ్ముడు

పద్నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, మా స్కూలు కరస్పాండెంటు గారి గదిలో, చేతిలో సగం కొరికిన సమోసా ఉండగా, ఒక పెద్దావిడ నన్నొక ప్రశ్న అడిగారు. జవాబు నాకు తెలుసు. తెలియదని చెప్పాను. చెప్పి, మిగతా సగం సమోసా కూడా తిన్నాను. ఆ ఒక్క మాట వల్ల ఒక అమ్మాయికి రావలసింది రాకుండా పోయింది. ఆ సంగతి మొన్న మొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

ఇప్పుడిప్పుడే ప్రైవేటు స్కూళ్ళలో చేరుతున్న కుర్ర మాస్టార్ల కోసం ఇది రాస్తున్నాను. పాఠం ఎలా చెప్పాలో నేర్పడానికి కాదు. ఆ అర్హత నాకు ఎంత ఉందో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు, ఒక్క పియేర్ పేరు తప్ప. వాడి పేరు రాస్తే నొచ్చుకునేవాళ్ళు లేరు. అసలు వాడే లేడు.

అప్పట్లో నేను తిరువూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టార్ని. మా కరస్పాండెంటు గారికి రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలు ఉండేవి. స్కూలు ఆయనకి రెండో వ్యవసాయం. టెన్త్ ఫలితాలు రాగానే స్టాఫ్ రూములోకి వచ్చి, ఈ ఏడు కాపు ఎలా ఉందని అడిగేవారు. మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు బంగినపల్లి, బొటాబొటీగా గట్టెక్కినవాళ్ళు ఊరగాయ కాయలు. మనిషి మంచివారే. ఒకటే బలహీనత. విజయవాడ వెళ్ళొచ్చినప్పుడల్లా, అక్కడి స్కూళ్ళ ఫ్లెక్సీల మీద చూసినవన్నీ మన దగ్గరా ఉండాలనేవారు. అలా ఒక ఏడాది అబాకస్ వచ్చింది. మరో ఏడాది కరాటే వచ్చింది. కరాటే మాస్టారు కాలు విరగ్గొట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఫ్రెంచి వచ్చింది.

"మీ అప్లికేషన్లో ఫ్రెంచి అని ఉంది కదండీ మాస్టారూ?" అన్నారు ఒకరోజు నన్ను పిలిచి.

ఉంది. హైదరాబాదులో ఎం.ఏ. చదివేటప్పుడు సాయంత్రాలు ఆరు నెలలు ఫ్రెంచి క్లాసులకు వెళ్ళాను. సర్టిఫికెట్టు కూడా ఉంది. అందులో రాతపరీక్ష ఎదురుగా మార్కులు ఉంటాయి. మౌఖిక పరీక్ష ఎదురుగా ఒక చిన్న గీత ఉంటుంది. ఆ గీతకు అర్థం నాకు తెలుసు. కరస్పాండెంటు గారు అది అచ్చులో డిజైను అనుకున్నారు.

"ఉందండి," అన్నాను.

"ఇంకేం మరి. అవీ ఇంగ్లీషు అక్షరాలేగా," అన్నారాయన.

సిటీలో ఉన్న ఒక సంస్థ హైస్కూలు పిల్లలకి ఫ్రెంచి భాషా సంస్కృతుల పరీక్ష పెడుతుంది. ఒకరోజు రాతపరీక్ష, ఇంకోరోజు ఆ సంస్థ పంపిన మనిషి వచ్చి ఒక్కొక్కరితో ఫ్రెంచిలో మాట్లాడి వేసే మార్కులు. మాట్లాడడంలో అందరికన్నా బాగా చేసిన పిల్లని గానీ పిల్లాణ్ణి గానీ, స్కూలుకి ఒక్కరి చొప్పున, వేసవి సెలవుల్లో ఇరవై రోజులు పాండిచ్చేరి తీసుకెళ్తారు. ప్రయాణం, తిండి, బస అంతా వాళ్ళదే. ఆ మాట వినగానే కరస్పాండెంటు గారి కళ్ళ ముందు బస్టాండు ఎదురుగా నలభై అడుగుల ఫ్లెక్సీ లేచి నిలబడింది. ఎనిమిది, తొమ్మిది క్లాసుల నుంచి ముప్పై ఇద్దరిని ఏరి నాకు అప్పగించారు.

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది మా స్కూళ్ళ పద్ధతి. ప్రశ్న ఏదైనా జవాబు ఒకటే ఉండాలి. అది బోర్డు మీద మాస్టారు రాయాలి, పిల్లలు నోట్సులో ఎక్కించుకోవాలి, ఎర్ర పెన్నుతో టిక్కు పడాలి, పొద్దున్నే స్టడీ అవర్లో అందరూ కలిసి అరవాలి. సైన్సు అయినా, సోషల్ అయినా ఇదే దారి. ఫ్రెంచికి వేరే దారి వెయ్యాలని నాకు తట్టలేదు.

ఒక పాత గైడు ముందేసుకుని అందులో 'నా కుటుంబం' అనే పేజీ బోర్డు మీద దించాను. మా నాన్న డాక్టరు. మా అమ్మ టీచరు. నాకు ఒక తమ్ముడు ఉన్నాడు. వాడి పేరు పియేర్. వాడికి ఎనిమిదేళ్ళు. మాకు ఒక తెల్ల పిల్లి ఉంది. ఆదివారం మేము రొట్టె, చీజు తింటాము. చలికాలం కొండల మీదికి వెళ్ళి మంచులో ఆడుకుంటాము. అంతే పాఠం. ఎవరి కుటుంబం గురించి వాళ్ళని రాయమనవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఒక్కో పిల్లకి ఒక్కో కుటుంబం అంటే ముప్పై రెండు పేజీలు దిద్దాలి. దిద్దాలంటే నాకు ఫ్రెంచి రావాలి. గైడులో ఉన్న పేజీలో తప్పుల్లేవని నాకు తెలుసు. దాన్ని కదిలిస్తే ఎక్కడ ఏం విరుగుతుందో నాకు తెలియదు. అందుకని కదిలించలేదు.

నెల తిరిగేసరికి పియేర్ మా స్కూల్లో ఒకడైపోయాడు. పిల్లలు ఎక్కాల బాణీలో ఆ పేజీ చదివేవారు. మా డ్రిల్లు మాస్టారు ఆ బాణీకి అడుగులు వేయించారు. క్లాసులో చాక్‌పీసు కనిపించకపోతే పియేర్ తీశాడనేవారు. ఎవరైనా రాకపోతే పియేర్‌ని ఆడించడానికి ఇంట్లో ఉండిపోయాడనేవారు. ఇదంతా చూసి మా సైన్సు టీచరు గారు నవ్వేవారు. ఆవిడ నాకన్నా పదేళ్ళు పెద్ద. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ.

"మీ క్లాసు చూస్తుంటే ముచ్చటేస్తుంది మాస్టారూ, ముప్పై ఇద్దరూ ఒకే కడుపున పుట్టినట్టున్నారు," అనేవారు.

ఒకరోజు ఎనిమిదో క్లాసు పిల్ల తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆ పిల్ల ఒక్కతే కూతురు. ఇంట్లో పాఠం తెలుగులో అప్పజెబుతూ, నాకో తమ్ముడున్నాడు, ఎనిమిదేళ్ళు అందట. వాళ్ళ నాయనమ్మ వింది. ఆమెకి ఫ్రెంచి పరీక్ష సంగతి తెలియదు. పత్తి వ్యాపారం అని నెలకి పది రోజులు ఊళ్ళు తిరిగే కొడుకుని కూర్చోబెట్టి, ఎనిమిదేళ్ళ క్రితం నువ్వు ఏ ఊళ్ళో ఉన్నావో చెప్పమని నిలదీసిందట. ఆయన రెండు పూటలు అన్నం మానేశారట. నేను గైడు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, పియేర్ అచ్చులో ఉన్నాడని పెద్దావిడకి చూపించి వచ్చాను. అయినా ఆవిడ గైడు వైపు కన్నా కొడుకు వైపే ఎక్కువసేపు చూసింది.

సంస్కృతి పాఠం కోసం కరస్పాండెంటు గారు విజయవాడ నుంచి రొట్టె, చీజు తెప్పించారు. చీజు నోట్లో పెట్టుకున్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా వైపు బ్రెడ్డు అనేది జ్వరం వచ్చినప్పుడు పాలల్లో ముంచుకుని తినేది. పూటపూటా ఫ్రెంచివాళ్ళు రొట్టె తింటారని చెప్పగానే వెనక బెంచీలో ఒకడు లేచాడు.

"అక్కడ అందరికీ ఎప్పుడూ జ్వరమేనా సార్?"

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. తొమ్మిదో క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న తిరువూరు నుంచి ఎ.కొండూరు దాకా షేర్ ఆటో నడిపేవాడు. వాళ్ళ అమ్మ మామిడి సీజన్లో షెడ్లో కాయలు గ్రేడింగు చేసేది, మిగతా రోజుల్లో పత్తి తీతకు వెళ్ళేది. ఆదివారం పూట చర్చిలో బైబిలు చదివేది ఆ అమ్మాయేనని తర్వాత తెలిసింది. గొంతు మెల్లగా ఉండేది గానీ, అడగాలనుకున్నది అడిగేది.

"మా నాన్న ఆటో నడుపుతారు కదా సార్. డాక్టర్ అని ఎందుకు చెప్పాలి?"

"పరీక్షలో అలాగే చెప్పాలి."

"అబద్ధం కదా సార్?"

క్లాసంతా నా వైపు చూస్తోంది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట నేను జన్మలో మరిచిపోను. "ఫ్రెంచిలో చెప్తే అబద్ధం కాదమ్మా," అన్నాను.

క్లాసు ఒప్పుకుంది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. స్కూలు మొత్తానికి ఉన్న ఒక్క ఫ్రెంచి నిఘంటువు నా బల్ల మీద ఉండేది. ఇంటర్వెల్లో వచ్చి, చూడొచ్చా సార్ అని అడిగి, అక్కడే నిలబడి మాటలు రాసుకునేది. వారం తర్వాత నోట్సు దిద్దుతుంటే ఆమె పుస్తకంలో గైడులో లేని పేజీ ఒకటి కనిపించింది. మూడు చక్రాల బండి, మామిడికాయలు, పత్తి, అక్క అని ఉంది. అందులో ఏది తప్పో ఏది ఒప్పో చెప్పగల శక్తి నాకు లేదు. కాబట్టి పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. కింద 'పాఠం ప్రకారం రాయుము' అని రాశాను. నిఘంటువు తీసి సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ అమ్మాయి, పాండిచ్చేరి ఎంత దూరం సార్ అని మాత్రం అడిగింది. విజయవాడ దాటి వెళ్ళలేదట ఎప్పుడూ. చాలా దూరమని చెప్పాను.

మాట్లాడే పరీక్ష రోజు వచ్చింది. పరీక్ష చేసే మేడమ్ పాండిచ్చేరి నుంచి వచ్చారు. రిటైరైన టీచరు, నూలు చీర, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. సైన్సు ల్యాబులో ఒక బల్ల వేసి, నన్ను పక్కన మౌనంగా కూర్చోమన్నారు. రోల్ నంబరు ప్రకారం పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు.

మొదటి పిల్లాడు వచ్చి గడగడా చెప్పాడు. నాన్న డాక్టరు, అమ్మ టీచరు, తమ్ముడు పియేర్, తెల్ల పిల్లి. మేడమ్ ముచ్చటపడ్డారు. రెండో పిల్ల కూడా అలాగే చెప్పింది. మేడమ్ తల ఊపారు. మూడోవాడు మొదలుపెట్టగానే ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. నాలుగోదాన్ని మధ్యలో ఆపి, పియేర్ ఏ క్లాసు చదువుతున్నాడని ఫ్రెంచిలో అడిగారు. మధ్యలో ఆగిన పాఠం మధ్యలోంచి రాదు. ఆ పిల్ల, బోంజూర్ మేడమ్ అని నమస్కారంతో సహా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. అయిదోవాడిని ఏమీ అడగలేదు. ఆరోది వెళ్ళాక నా వైపు తిరిగి, ఇది డాక్టర్ల కాలనీలో కట్టిన స్కూలా అని ఇంగ్లీషులో అడిగారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

పదకొండోవాడు చురుకైన కుర్రాడు. బయట నిలబడి, మేడమ్ మొహం మాడ్చుకుంటున్నారని కనిపెట్టాడు. కాస్త కొత్తగా చెబుదామనుకున్నాడు. తనకి ఇద్దరు తమ్ముళ్ళని చెప్పాడు. ఒకడి పేరు పియేర్ అన్నాడు. రెండోవాడి పేరు ఏమిటని మేడమ్ అడిగారు. వాడు కాసేపు ఆలోచించి, వాడి పేరూ పియేరే అన్నాడు. మేడమ్ పెన్ను కింద పెట్టి, కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు.

పంతొమ్మిదో నంబరు ఆ అమ్మాయిది. వచ్చి నిలబడింది. మా నాన్న ఆటో నడుపుతారని మొదలుపెట్టింది. మేడమ్ తల పైకెత్తారు. మా అమ్మ కాయ చేత్తో పట్టుకుని బరువు చూసి ఏ పెట్టెలో వెయ్యాలో చెబుతుంది. నాకు తమ్ముడు లేడు, ఒక అక్క ఉంది. మాకు పిల్లి లేదు, చలికాలం మంచు కూడా లేదు. మాటలు తడుముకుంటూ చెప్పింది. రాని మాట వచ్చినచోట చేతులతో మామిడికాయ చూపించింది. మేడమ్ ఏదో అడిగారు, ఆమె చెప్పింది. మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పింది. అందులో సగం నాకు అర్థం కాలేదు. ఇద్దరూ నవ్వారు. పది నిమిషాలు గడిచాయి. ఆరు నెలలుగా నేను ఫ్రెంచి చెబుతున్న స్కూల్లో ఇద్దరు మనుషులు ఫ్రెంచిలో మాట్లాడుకోవడం అదే మొదటిసారి. నాకు సంతోషం వేసిందని రాయాలని ఉంది. భయం వేసింది.

తర్వాత మిగిలిన పదమూడు మందీ వచ్చి తమ్ముడు పియేర్ గురించి చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం కరస్పాండెంటు గారి గదిలో టీ, సమోసాలు పెట్టారు. మేడమ్ కాగితాలు బల్ల మీద పెట్టి, ముప్పై ఇద్దరిలో ఒక్కరే మాట్లాడారని, మిగతావాళ్ళు అప్పజెప్పారని అన్నారు. పాండిచ్చేరికి ఆ ఒక్క అమ్మాయి పేరే రాస్తానన్నారు. కాకపోతే సంస్థకి ఒక నియమం ఉంది. అందరూ ఒకలా, ఒకరు వేరేలా చెప్పినప్పుడు, ఆ ఒక్కరి మాటలు బయటివాళ్ళు ఎవరో రాసిచ్చినవి కావని టీచరు ధ్రువీకరించాలి. నోట్‌బుక్ తెమ్మని ఆ అమ్మాయికి అప్పటికే కబురు పంపానని చెప్పారు. తర్వాత నన్ను చూసి అడిగారు.

"ఆ మాటలు ఆ అమ్మాయివేనా?"

ఔనంటే చాలు. కానీ ఔనంటే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, మిగతా ముప్పై ఒక్కమంది మాటలు ఎవరివని. నోట్‌బుక్ వస్తే నా ఎర్ర గీత బయటపడుతుంది. ఎదురుగా కరస్పాండెంటు గారు కూర్చుని ఉన్నారు. పిల్లలందరూ సొంతంగా మాట్లాడతారని ఆయనకి నేనే మాటిచ్చి ఉన్నాను. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, ఇలా అన్నాను.

"చెప్పలేనండి. మిగతావాళ్ళు పాఠం ప్రకారం చదివారు. ఈ అమ్మాయికి ఎవరు రాసిచ్చారో నాకు తెలియదు."

మేడమ్ నన్ను కాసేపు చూశారు. నోట్‌బుక్ కోసం పావుగంట ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. ఆవిడ ఏదో రాసుకుని కాగితాలు సంచిలో పెట్టుకున్నారు. నోట్‌బుక్ రానందుకు నా ప్రాణం కుదుటపడింది. సమోసా తిన్నది అప్పుడే.

ఫలితాలు వచ్చాయి. ముప్పై ఇద్దరూ పాసయ్యారు, బొటాబొటీగా. పాండిచ్చేరికి మా స్కూలు నుంచి ఎవరి పేరూ లేదు. కరస్పాండెంటు గారు క్లాసుకి వచ్చి, ఆ అమ్మాయిని నిలబెట్టారు.

"ముప్పై రెండూ ఒకలా ఉంటే దాన్ని పద్ధతి అంటారమ్మా. నువ్వొక్కదానివి వేరేగా చెప్పేసరికి మిగతాది కాపీ అయింది."

నేను బోర్డు దగ్గరే ఉన్నాను. డస్టరు దులుపుతున్నాను. చాలాసేపు దులిపాను. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి కూర్చుంది. స్టాఫ్ రూముకి వస్తే సైన్సు టీచరు గారు తల ఎత్తకుండానే అడిగారు.

"ఆ రోజు సమోసాలు బాగున్నాయా మాస్టారూ?"

ఆవిడకి ఎంత తెలుసో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. మరుసటి ఏడాది ఫ్రెంచి పోయి స్కేటింగు వచ్చింది.

కథ అంతటితో ఆగి ఉంటే బహుశా నేనూ మరిచిపోయి ఉండేవాణ్ణి. ఆగలేదు. కారణం ఆటో. మా అత్తగారిది ఎ.కొండూరు. నెలకి రెండుసార్లయినా వెళ్ళాలి. ఆ రూటులో ఆటో ఆ అమ్మాయి తండ్రిది. నన్ను చూడగానే ఆపేవాడు. ముందు, తన పక్కన కూర్చున్న మనిషిని లేపి వెనక్కి పంపి, నన్ను అక్కడ కూర్చోబెట్టేవాడు. అంతటితో ఊరుకునేవాడా, వెనక ఇరుక్కుని కూర్చున్న పదిమందికీ చెప్పేవాడు.

"మా అమ్మాయికి ఫ్రెంచి నేర్పిన మాస్టారు. మామూలు మనిషి కాదు."

పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళు, కోళ్ళ బుట్టతో ఉన్న ముసలాయన, అందరూ నన్ను గౌరవంగా చూసేవారు. పదిహేను కిలోమీటర్లు నేను రోడ్డు వైపు చూసేవాణ్ణి. తర్వాత తర్వాత ఆ ఆటో రంగు దూరం నుంచే గుర్తుపట్టి, టీ కొట్టు వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఎన్నోసార్లు అడిగింది, ఖాళీగా ఉన్న ఆటో వదిలేసి నిండిన ఆటో ఎందుకు ఎక్కుతారని. ఇంజను చప్పుడు తేడాగా ఉందని చెప్పేవాణ్ణి. ఇంజన్ల గురించి నాకు ఫ్రెంచి గురించి తెలిసినంత కూడా తెలియదు.

ఆ అమ్మాయి టెన్త్ అయ్యాక గవర్నమెంటు కాలేజీకి వెళ్ళింది. రోడ్డు మీద కనిపిస్తే ప్రతిసారీ, నమస్తే సార్ అనేది. కోపంగా ఒక్కసారైనా మొహం తిప్పుకుని వెళ్ళి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

రెండేళ్ళ క్రితం మా స్కూలుని పెద్ద స్కూలువాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళకి కుర్ర మాస్టార్లు కావాలి. యాభై దాటినవాళ్ళం ఇంటికి వచ్చేశాం. మొన్న వేసవిలో ఒక ఉదయం, వార్డు సచివాలయం నుంచి ఇంటింటి సర్వే అంటూ ఎవరో గేటు తీశారు. చేతిలో ట్యాబు, మెడలో ఐడీ కార్డు. ఆ అమ్మాయే. మా వార్డుకి ఈ మధ్యే బదిలీ మీద వచ్చిందట.

మా ఆవిడ కుర్చీ వేసి మజ్జిగ తెచ్చింది. ఆమె ట్యాబులో చూస్తూ ఒక్కొక్కటే అడుగుతోంది. ఇంటి యజమాని పేరు. వయసు. వృత్తి. నేను చెబుతున్నాను. కుటుంబంలో ఎంతమంది అని అడిగేసరికి నాకు ఆ 'నా కుటుంబం' పేజీ గుర్తొచ్చింది. అటు వైపు ప్రశ్నలు అడిగే మనిషి, ఇటు వైపు నేను. హైదరాబాదులో నా సర్టిఫికెట్టు మీద గీత పడిన రోజు కూడా సరిగ్గా ఇలాగే కూర్చున్నాను.

ఇంక ఆగలేకపోయాను.

"ఆ రోజు మేడమ్ అడిగారమ్మా, నీ మాటలు నీవేనా అని. నీవేనని నాకు తెలుసు. తెలియదన్నాను. పాండిచ్చేరి నీకు రావలసింది. నా మూలంగా పోయింది. తప్పు నాది."

ఆమె ట్యాబు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలుసు సార్. నేను తలుపు దగ్గరే ఉన్నాను."

"ఎప్పుడు?"

"నోట్‌బుక్ తెమ్మన్నారుగా మేడమ్. తెచ్చాను. లోపలికి రాబోతుంటే మీరు చెప్పేది వినపడింది. నోట్‌బుక్ ఇస్తే అందరి ముందూ మీరు అబద్ధం చెప్పినట్టు అవుతుంది కదా అని వెళ్ళిపోయాను."

ఆమె మజ్జిగ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది.

"ఫ్రెంచిలో చెప్తే అబద్ధం కాదన్నారు సార్ మీరు. ఆ రోజు చెప్పింది ఇంగ్లీషులో."

అంత జరిగాక కూడా నాకు నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వింది, కొంచెమే. నేను హైదరాబాదు సంగతి కూడా చెప్పేశాను. మా నాన్న బట్టల కొట్లో గుమాస్తా. ఆ పరీక్షలో నేనూ ఆయన్ని డాక్టరనే చెప్పాను, గైడులో అలాగే ఉంది కనుక. ఏం డాక్టరని వాళ్ళు అడిగారు. నేను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపి నా వైపు చూసింది.

నీకు ఏం చేస్తే ఇది తీరుతుందమ్మా అని అడిగాను. వద్దు సార్, ఏమీ వద్దు అంటుందనుకున్నాను. అనలేదు.

"నాన్నకి చెప్పండి సార్. ఆయన ఇప్పటికీ ఆటోలో మీ గురించి చెబుతూనే ఉంటారు. పక్కన కూర్చుని వినడం నాకు కష్టంగా ఉంటుంది."

మళ్ళీ ట్యాబు చేతిలోకి తీసుకుంది. "అయితే ఇంట్లో మీరిద్దరేనా సార్? పియేర్ని కూడా ఎక్కించమంటారా?"

"పియేర్ ఎవరండీ?" అంది మా ఆవిడ, అనుమానంగా. అప్పుడు తెలిసింది నాకు, ఆ పత్తి వ్యాపారి రెండు పూటలు అన్నం ఎందుకు మానేశాడో.

మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గర నిలబడ్డాను. మూడు ఆటోలు వదిలేశాను. నాలుగోది అతనిది. ఎప్పటిలాగే ముందున్న మనిషిని వెనక్కి పంపించాడు. వద్దంటే వినలేదు. జుట్టు నెరిసింది, ఆటో కొత్తది, మాట మాత్రం పాతదే. ఊరు దాటకముందే వెనక్కి తిరిగి మొదలుపెట్టాడు.

"ఈ మాస్టారు ఎవరనుకున్నారు? మా అమ్మాయికి ఫ్రెంచి..."

"నేను నేర్పలేదండి," అన్నాను.

ఇంజను చప్పుడులో అతనికి వినపడలేదు. ఏమన్నారు మాస్టారూ అని చెవి నా వైపు వంచాడు. వెనక కబుర్లు ఆగిపోయాయి. గొంతు పెంచక తప్పలేదు. ముప్పై ఇద్దరు పిల్లలకి పాఠం చెప్పిన గొంతుతో, ఆటోలో ఉన్న అందరికీ వినపడేట్టు చెప్పాను.

"మీ అమ్మాయి ఫ్రెంచి తనే నేర్చుకుంది. నాకు ఆ భాష రాదు. తన మాటలు తనవేనా అని అడిగితే, నాకు తెలియదని అబద్ధం చెప్పి ఆ అమ్మాయి పాండిచ్చేరి ప్రయాణం పోగొట్టాను. ఈ సీటు నాది కాదు. నన్ను క్షమించండి."